దాక్షాయణి గారికి బీపీ లేదు

దాక్షాయణి మేడం ఇక లేరన్న కబురు నాకు రాజమండ్రిలో అందింది. డిగ్రీ పరీక్ష పేపర్లు దిద్దే హాల్లో, చేతిలో ఎర్ర పెన్నుతో ఉన్నాను. ఫోన్ చేసినవాడు మా కాలేజీ గుమస్తా. "మేడంగారు పోయారండీ. బీపీ ఎక్కువైపోయిందంటండీ" అన్నాడు.

"ఎవరికి బీపీ?" అని అరిచాను. హాలంతా తలలు తిప్పి చూసింది. పెన్ను ఎవరో పిల్ల జవాబు మీద అడ్డంగా ఒక గీత గీసేసి ఆగింది. నాకు ఏడుపు రాలేదు. నోరు ఎండిపోయింది, అరచేతులు చల్లబడ్డాయి, గుండె పక్కటెముకలని తన్నడం మొదలుపెట్టింది. మనిషికి ఆపద వచ్చినప్పుడు మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న రెండు అధివృక్క గ్రంథులు రక్తంలోకి పంపే యుద్ధసందేశం అది. ఆ సంగతి నాకు నేర్పింది ఆవిడే. నా క్లాసు టీచరుగా నేర్పారు, తర్వాత పక్క కుర్చీలో సహోద్యోగిగా కూర్చుని మళ్ళీ మళ్ళీ నేర్పారు. ఆ రెండు గ్రంథులూ ఆవిడకి లేవు. అవి లేని మనిషికి రక్తపోటు పడిపోతుంది గానీ పెరగదు. అలాంటి మనిషి బీపీ పెరిగి పోయిందని ఊరు ఊరంతా చెప్పుకుంటోంది.

కొవ్వూరు వంతెన మీద బస్సు పోతుంటే గోదావరి వంక కూడా చూడలేదు. ఆ అబద్ధం పీక ఎక్కడ పట్టుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను. దివంగతుల గురించి నాలుగు మెత్తటి మాటలు చదువుదామని కూర్చున్నవాళ్ళు పేజీ తిప్పేయవచ్చు. మెత్తటి మాటలు ఆవిడకి బతికుండగానే గిట్టేవి కావు.

మా కాలేజీలో మూడు దశాబ్దాల పాటు జంతుశాస్త్రం చెప్పిన విదుషీమణి ఆవిడ. సన్నటి మనిషి, గంజి పెట్టిన నేత చీర, భుజానికి ఎప్పుడూ ఒక గోధుమరంగు తోలు సంచీ. ఒంటి రంగు ఎండకి కాలినట్టు ఉండేది, అరచేతి గీతల్లో కూడా నలుపు. గొంతు మాత్రం మూడు గదుల అవతలికి వినిపించేది.

మొదటి ప్రాక్టికల్ రోజున ఒక బొచ్చె చేప తలని పళ్ళెంలో పెట్టి తెచ్చారు. మేము పదిమంది ఆడపిల్లలం, ఉతికి ఇస్త్రీ చేసిన చుడీదార్లలో, బల్ల చుట్టూ మర్యాదగా నిలబడ్డాం. ఆవిడ కొంగు బిగించి, మాంసం కొట్టే కత్తి ఎత్తి, ఒక్క వేటు వేశారు. పుర్రె రెండుగా పగిలింది. నెత్తురూ మెదడూ మా మొహాల మీద పడ్డాయి. నిదానంగా ఆ శిథిలంలోంచి చిమటాతో ఒక తెల్లటి గింజ తీసి, గాజుపలక మీద పెట్టారు. ఆవగింజ కన్నా కాస్త పెద్దది.

"పీయూష గ్రంథి. చెరువులో నిలవనీళ్ళలో ఉన్న తల్లి చేప గుడ్లు పెట్టదు. దానికి వరద కావాలి. వరద రాకపోయినా, ఈ గింజని నూరి దానికి సూది వేశారనుకో, వరద వచ్చిందని నమ్మేస్తుంది. మన జిల్లాలో చేపపిల్లలు పెంచే ప్రతివాడూ ఒకప్పుడు ఇలా తలలు పగలగొట్టే బతికాడు. ఒంటిని ఏలేది ఆత్మ అని మీ తెలుగు మాస్టారు చెబుతారు. ఆయన్ని నేనేమీ అనను. ఒకసారి ఈ గింజని కూడా అడిగి రమ్మనండి" అన్నారు.

నేను వణికిపోతున్నాను. ఆవిడ అది చూసి, నెత్తురు చేత్తోనే నా మణికట్టు పట్టుకుని, నాడి మీద వేలు పెట్టి, మిగతా పిల్లల చేత కూడా పట్టి చూపించారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"సిగ్గెందుకే భారతీ? భయం పాపం కాదు. అది ఒంట్లో తయారయ్యే సరుకు. పోట్లాడ్డానికీ అదే, పారిపోడానికీ అదే. ఎటు వాడతావో అదొక్కటే నీ చేతిలో ఉంది."

ఆ మాట మీద నేను ఆవిడతో ఏళ్ళ తరబడి వాదించాను. ఒక్కసారీ గెలవలేదు.

ఆ సరుకు తన ఒంట్లో తయారవదన్న సంగతి ఆవిడ దాచుకోలేదు. చదువుకునే రోజుల్లో క్షయ వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆ రెండు గ్రంథుల్నీ తినేసి పోయింది. రంగు నల్లబడింది, నిలబడితే కళ్ళు తిరిగేవి, ఉప్పు కోసం ప్రాణం కొట్టుకునేది. దిష్టి అన్నారు, పసుపు రాశారు. చివరికి స్పృహ తప్పినప్పుడు కాకినాడలో ఒక పెద్ద డాక్టరు పెదవి ఎత్తి చిగుళ్ళ నలుపు చూసి, జబ్బు కనిపెట్టి, ఒక సూది వేశారట. "గంటలో లేచి కూర్చుని ఆవకాయ అడిగానే" అని చెప్పేవారు.

అప్పట్నుంచీ పొద్దున్నా మధ్యాహ్నమూ మాత్ర. మన ఒంట్లో ఆ గ్రంథులు పొద్దు పొడవకముందే ఒక రసాన్ని పంపి రక్తపోటునీ, ఉప్పునీ, చక్కెరనీ నిలబెడతాయి. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా, కత్తి పడినా అడక్కుండానే రెట్టింపు పంపుతాయి. మనకి తెలియను కూడా తెలియదు. ఆవిడకి అదంతా చేత్తో చెయ్యాల్సిన పని. అందుకే ఆ తోలు సంచీలో మాత్రలు, అవసరానికి ఒక ఇంజక్షనూ సిరంజీ, చిన్న డబ్బాలో కళ్ళుప్పు. స్టాఫ్ రూములో అందరూ టీ తాగుతుంటే ఆవిడ జామకాయ ముక్కకి ఉప్పు అద్దుకుని, చాలక అరచేతిలో పోసుకుని నాకేవారు.

"అయ్యో మేడం, అంత ఉప్పా? మీకసలే బీపీ" అని ఎవరో ఒకరు అనకుండా రోజు గడిచేది కాదు.

"నాకు బీపీ అని నీకెవరు చెప్పారు?"

"చెప్పాలా అండీ? మీ కోపం చూస్తే తెలీదూ?"

ఇక్కడే ఉంది మన విజ్ఞానమంతా. కోపం వచ్చిన ఆడది కనిపిస్తే చాలు, దానికి బీపీ. మగాడు కేకలేస్తే రోషం, ఆడది కేకలేస్తే రక్తపోటు. ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినా, ఎమ్మెస్సీలు చదివినవాళ్ళే నవ్వి, భోజనాల దగ్గర ఆవిడ ముందున్న పచ్చడి సీసా దూరం జరిపేవారు.

మన వైపు మొగుడు పెళ్ళాన్ని కొడితే పోలీసుల దాకా పోరు. పెద్దల్లో పెడతారు. ఒక పెద్దాయన అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు, కాఫీలు వస్తాయి, కొట్టినవాడు కుర్చీలో కూర్చుంటాడు, దెబ్బలు తిన్నది స్తంభం పక్కన నిలబడుతుంది. అందరూ ఒకరినొకరు అండీ అండీ అనుకుంటూ అత్యంత మర్యాదగా ఆ పిల్లని మళ్ళీ ఆ ఇంటికే పంపిస్తారు. తన దగ్గర చదివిన ఏ పిల్లకి తగువు పెట్టినా మేడం పిలవకుండానే వెళ్ళేవారు. గేటు దగ్గర ఆగి, సంచీలోంచి ఒక మాత్ర తీసి, స్టీలు సీసాలో నీళ్ళతో మింగి లోపలికి అడుగు పెట్టేవారు. "మేడం మాత్రేసుకున్నారంటే ఎవడికో మూడిందిరోయ్" అనేది ఊరు.

నేను ఊరుకోలేదు. "మీ డాక్టరు జ్వరానికీ దెబ్బకీ ఎక్కువ వేసుకోమన్నాడు గానీ తగువుకి వేసుకోమనలేదు కదండీ?"

"ఆ డాక్టరు ఎప్పుడైనా తగువులో కూర్చున్నాడటే?"

"అది మింగితే ధైర్యం వస్తుందా?"

"రాదు. నిలబడే ఓపిక వస్తుంది. ధైర్యం మాత్రల్లో దొరకదు. మీకైతే గుండె దడదడలాడి, కండల్లోకి నెత్తురు తోసి, ఒళ్ళే ముందుకు నెడుతుంది. నన్ను నెట్టేది ఏదీ లేదు. నన్ను నేనే మెడబట్టి గెంటుకుంటూ వెళ్ళాలి."

ఒకసారి అలా వెళ్ళిన తగువులో పెళ్ళాం దవడ విరగ్గొట్టిన ఒక ఘనుడు మేడం మీదకి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగేలోపల స్టీలు సీసా వాడి మణికట్టు మీద పడింది. విరిగిన చప్పుడు నేను విన్నాను, చెరుకు గడ విరిచినట్టు. వాడు గావుకేక పెడుతుంటే ఆవిడ సీసా మూత తీసి, మిగిలిన నీళ్ళు తాగి, "ఎముకే కదండీ, అతుక్కుంటుంది. మీ ఆవిడ దవడ అతుక్కోలా?" అన్నారు. అది తప్పని నేనూ వాదించాను. చట్టం చేతిలోకి తీసుకోకూడదన్నాను. "అయితే చట్టాన్ని ఈ అరుగు మీదకి తీసుకురావే, దాని చేతికే ఇస్తాను సీసా" అన్నారు.

ఆఖరి తగువు రత్నకుమారిది. మా ల్యాబులో అటెండరు, అంతకు ముందు మా విద్యార్థిని. దాని మొగుడికి రొయ్యల మేత కొట్టు. వాడి పేరు రాసి ఈ కాగితం మైల చెయ్యను. తడిపిన వలతాడు మడిచి కొట్టేవాడు. రత్న జాకెట్టు వెనక గుడ్డ నెత్తురుకి అంటుకుపోతే నేనూ మేడమూ నీళ్ళు పోసి ఊడదీశాం. తగువు పెట్టిన రోజు నేను రాజమండ్రిలో ఉన్నాను గనక ఆ అరుగు మీద జరిగింది నాకు రత్న చెప్పింది, మా వంటింట్లో నేల మీద కూర్చుని. ఆ అరుగు మీద ఉన్న మరో ఇద్దరిని నేనే వెళ్ళి నిలబెట్టి అడిగాను. తలలు దించుకున్నారు. కాదని మాత్రం అనలేదు.

పెద్దాయన ఒకప్పటి పంచాయతీ ప్రెసిడెంటు. "రండి రండి మేడంగారండీ, కూకోండి, కాఫీ తాగండి" అని కుర్చీ వేయించాడు.

"కాఫీకి రాలేదండీ. ఈ పిల్ల ఆ ఇంటికి వెళ్ళదు. ఆ మాట చెప్పి వెళ్ళిపోతాను."

"అలాగంటే ఎలాగండీ? మొగుడూ పెళ్ళాలన్నాక..."

"వీపు చూపించమంటారా? రత్నా, ఇటు తిరుగు."

రత్న తిరిగింది. కుర్చీల్లో ఉన్న మగాళ్ళు గౌరవంగా కళ్ళు పక్కకి తిప్పుకున్నారు. కొట్టడాన్ని చూడగలిగిన కళ్ళు వీపుని చూడలేకపోయాయి. మొగుడు లేచాడు. "ఈ పంతులమ్మ ఫోన్లో రికార్డు చేత్తందండీ, ఆ సంచీలో పెట్టింది" అంటూ మేడం భుజం మీంచి సంచీ లాగి, అరుగు ముందున్న పంటకాలువలోకి విసిరేశాడు. మాత్రలూ, సూదీ, ఉప్పూ అన్నీ కాలువపాలు. ఆవిడ సంచీ కోసం అడుగు వేస్తే రెండు చేతులతో గుండెల మీద తోశాడు. వెనక్కి పడి రాతిమెట్టుకి తల కొట్టుకున్నారు.

నెత్తురు మెడ వెనక నుంచి చీరలోకి దిగుతుండగా లేచి కూర్చుని, మొదటి మాటగా ఏమన్నారో తెలుసా? "రత్నా, నువ్వు ఆ ఇంటికి వెళ్ళవు" అన్నారు. తర్వాతే తన సంగతి. "నాకు ఇంజక్షన్ కావాలి. హైడ్రోకార్టిసోన్. తణుకులో ఏ ఆసుపత్రైనా సరే, కారు తియ్యండి. ఈలోగా ఉప్పు నీళ్ళు ఇవ్వండి."

స్పష్టంగా, పాఠం చెప్పినట్టు చెప్పారట.

"తల పగిలిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుద్దండీ" అన్నాడు పెద్దాయన. "మనూరి పరువు పోద్ది. మన ఆరెంపీ డాక్టరు ఉన్నాడుగా, పిలవండి."

ఆరెంపీ వచ్చేసరికి ఆవిడ వాంతులు చేసుకుంటున్నారు, ఒళ్ళంతా చల్లటి చెమట. స్టెరాయిడ్ ఇంజక్షన్ అన్న మాట వినగానే అతను "అమ్మో, స్టెరాయిడ్డా అండీ? కిడ్నీలు పోతాయండీ" అన్నాడు. చేతికి బీపీ మిషను పట్టీ కట్టాడు. చూశాడు. మళ్ళీ కట్టి చూశాడు. రత్న చెప్పిన మాట ఇది, నేను మార్చలేదు: "బాగా తక్కువ చూపిత్తందండీ, మిషను పాడైపోయినట్టుంది. మేడంగారికి బీపీ అని ఊరందరికీ తెలుసుగా."

మిషను నిజం చెప్పింది. ఊరు అబద్ధం చెప్పింది. అతను ఊరిని నమ్మాడు. బీపీ తగ్గించే మాత్ర తీసి, ఆవిడ తల అడ్డంగా ఊపుతున్నా, దవడలు నొక్కిపట్టి నాలిక కింద పెట్టాడు.

రత్న వంటింట్లోకి పరిగెత్తి, జాడీలోంచి గుప్పెడు ఉప్పు తెచ్చింది. పెద్దాయన భార్య దాని చేతి మీద కొట్టింది. ఉప్పు అరుగంతా చెదిరిపోయింది. "చంపేత్తావా ఏంటే? బీపీ మనిషికి ఉప్పెడతావా?" అని రత్నని జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. ఆవిడది ద్వేషం కాదు, నాకు తెలుసు. ఆవిడ మేడంని కాపాడుతున్నాననే అనుకుంది. నన్ను నిద్ర పోనివ్వనిది అదే. మేడం చెయ్యి చాపి, నేల మీద వేళ్ళతో తడిమి, అందిన రెండు మూడు ఉప్పుకళ్ళు నోట్లో పెట్టుకున్నారట. జీవితమంతా గ్రంథుల గురించి గొంతెత్తి చెప్పిన మనిషి చివరికి అరుగు మీద ఉప్పు ఏరుకున్నారు.

స్పృహ తప్పాక కారు తీశారు. దారిలోనే పోయారు.

మా కాలేజీలో సంతాప సభ పెట్టారు. పెద్దాయన గులాబీల దండ పట్టుకుని వచ్చాడు. ఫోటోకి వేసి, చెమ్మగిల్లిన కళ్ళతో మైకు అందుకుని, "ఆయమ్మ బంగారవండీ. ఆ ఆవేశవే, ఆ బీపీయే ఆ తల్లిని మింగేసిందండీ" అన్నాడు. హాల్లో చాలామంది తలలూపారు. నేను లేచాను.

"పెద్దాయనగారూ, మిషను ఎంత చూపించిందండీ?"

"ఏ మిషనమ్మా?"

"మీ అరుగు మీద మేడం చేతికి కట్టిన మిషను."

"అది పాడైపోయిన మిషనమ్మా."

"ఎప్పుడు బాగు చేయించారు? మర్నాడు మీ ఇంటావిడకి కళ్ళు తిరిగితే అదే మిషనుతో చూసి, సరిగ్గానే ఉందని చెప్పాడటగా మీ ఆరెంపీ?"

"అమ్మా భారతీ, ఇది సంతాప సభమ్మా. తగువు కాదు."

"అవునండీ. తగువైతే నాకు కాఫీ ఇచ్చేవారు."

ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు. ప్రిన్సిపాల్ గారు నా చెయ్యి పట్టుకుని, "కూర్చోండి భారతిగారూ, మీకు బీపీ పెరుగుతుంది" అన్నారు. ఆయన మంచివాడే. అందుకని చెయ్యి విడిపించుకున్నానే తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

ఆ సాయంత్రమే రత్నకి కబురు వచ్చింది. మళ్ళీ తగువు పెడతారట. మొగుడే దాని కాళ్ళు కడిగి తీసుకెళ్తాడట, గతం గతః అట. మేడం కాలు జారి పడ్డారని అది ఒక్క మాట అంటే చాలట. అనకపోతే ఊళ్ళో ఎలా ఉంటుందో చూసుకోమన్నారట. ఆ అరుగు మీద అంతమంది ఉన్నా, నోరు విప్పే అవకాశం ఉన్నది రత్న ఒక్కదానికే. అది "కాలు జారింది" అంటే దాక్షాయణి మేడం శాశ్వతంగా బీపీతో పోయిన మనిషి అయిపోతారు, రత్న శాశ్వతంగా ఆ వలతాడు కిందకి పోతుంది.

మర్నాడు నేనూ రత్నా ఆటోలో పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. గేటు దగ్గర అది ఆగిపోయింది.

"మేడం, నా వల్ల కాదండీ. నోరెండిపోతోంది. గుండె చూడండి, పగిలిపోయేలా ఉంది."

దాని మణికట్టు పట్టుకున్నాను. నాడి వల తెంచుకునే చేపలా కొట్టుకుంటోంది. నాదీ అలాగే కొట్టుకుంటోంది, అది చూడ్డానికి ఎవరూ నా చెయ్యి పట్టుకోనక్కర్లేదు.

"ఇదేంటో మేడం పాఠంలో చెప్పారుగా, గుర్తుందా?"

రత్న నా మొహంలోకి చూసింది. "సరుకండీ" అంది.

"ఎటు వాడతావు?"

పమిట బిగించింది. గేటు తోసుకుని నాకన్నా ముందు లోపలికి నడిచింది. ఎవరు తోశారో, ఎవరు ఆపారో, మిషను ఎంత చూపించిందో, ఎవరు ఏ మాత్ర పెట్టారో, ఉప్పు ఎలా చెదిరిందో, అంతా చెప్పింది. కుర్చీ చూపించినా కూర్చోకుండా, నిలబడే చెప్పింది.

కేసు ఏమవుతుందో నాకు తెలియదు. మన ఊళ్ళ సంగతి నాకు తెలుసు, మీకూ తెలుసు. ల్యాబులో ఆవిడ కత్తి గోడకి వేలాడుతోంది. రేపు కొత్త బ్యాచ్ వస్తుంది, బొచ్చె తల కొట్టాలి. నా చేతికి ఆ వేటు రాదు. ఆ గొంతు అసలే రాదు. నా పక్కన ఆవిడ కుర్చీలో ఎవరు కూర్చున్నా అది ఖాళీగానే ఉంటుంది.

మేడం, మీకు దండ వెయ్యలేదు. ఫోటో ముందు చిటికెడు కళ్ళుప్పు పెట్టి వచ్చాను. మీ ఒంట్లో లేనిదాన్ని పొద్దునా మధ్యాహ్నమూ మాత్రగా మింగి, మిమ్మల్ని మీరే మెడబట్టి గెంటుకుంటూ ఆ అరుగులన్నీ ఎక్కారు. మా ఒంట్లో అది రెండేసి గ్రంథుల నిండా ఉంది. మాకింక ఏ సాకూ లేదు.